నేలమాళిగ ఎవరిది? పాత రోజులు ఎవరివి?

అండర్‌గ్రౌండ్ అనే మాట మన పాఠకులకి కొత్తది కాదు. మనవాళ్ళకి ఆ మాటతో రెండు రకాల పరిచయం ఉంది. ఒకటి, పోలీసుల చేతికి చిక్కకుండా అజ్ఞాతంలో బతకడం. రెండోది, మన మాదిగ, రెల్లి అన్నదమ్ములు ఊపిరి బిగబట్టి దిగే డ్రైనేజీ గొయ్యి. రెండు చోట్లా కిందికి దిగినవాడు ప్రాణం ఒడ్డే దిగుతాడు. సరదాకి ఎవడూ దిగడు.

పెద్ద పట్నాల్లో సరదాకి దిగే అండర్‌గ్రౌండ్ ఇంకోటుంది. పేరున్న మ్యూజియంలు లోపలికి రానివ్వని కుర్ర చిత్రకారులు పాడుబడ్డ కొట్లలోనో, చర్చి కింద నేలమాళిగలోనో బొమ్మలు వేలాడదీస్తారు. ప్రారంభం రోజు చవక వైను పోస్తారు. తెల్లవార్లూ ఆడతారు, పాడతారు. దాని పక్కనే 'రెట్రో' రాత్రులు. అంటే ముప్పై, నలభై ఏళ్ళ నాటి బట్టలు వేసుకుని, ఆనాటి పాటలకి ఎగరడం. ఈ రెండు ముచ్చట్లకీ పుట్టిల్లుగా ప్రపంచం న్యూయార్కుని చెప్పుకుంటుంది. 1978 నుంచి 1985 దాకా ఆ నగరం దిగువభాగంలో నడిచిన గ్యాలరీల మీదా క్లబ్బుల మీదా ఎన్నో పుస్తకాలు, సినిమాలు, ప్రదర్శనలు వచ్చాయి, ఇప్పటికీ వస్తున్నాయి.

అమెరికా వాళ్ళ సోకులతో మనకేం పని అని కొందరు మిత్రులు అడగొచ్చు. పని ఉంది. న్యూయార్కు బాబాసాహెబ్ చదువుకున్న ఊరు. 1913 నుంచి 1916 దాకా ఆయన కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివాడు. నల్లవాళ్ళ హార్లెం పేట దాని పక్కనే ఉంది. 1946లో ఆయన నల్లజాతి మేధావి డుబాయిస్‌కి ఉత్తరం రాశాడు. మీ సమస్యకీ అంటరానివాళ్ళ సమస్యకీ ఎంతో పోలిక ఉందన్నాడు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టినప్పుడు ఆ పేరు అమెరికా బ్లాక్ పాంథర్ల నుంచి తీసుకున్నదే. ఆ నగరంలో నల్లవాళ్ళ చేతిపనికి ఏ గతి పట్టిందో తెలుసుకోవడం మన ఇంటి విషయమే.

కింద ఉన్నది ఎవరు?

ముందు ఆ నగరం అప్పుడెలా ఉందో చూడాలి. 1975లో న్యూయార్కు దివాలా అంచుకి వచ్చింది. ఖర్చులు తగ్గించాలని డెబ్బైల్లో అగ్నిమాపక కేంద్రాలు మూసేశారు. పెద్ద దెబ్బ పడింది నల్లవాళ్ళూ ప్యూర్టోరికో వాళ్ళూ ఉండే పేదపేటల మీదే. బ్రాంక్స్ ప్రాంతంలో 1970కీ 1980కీ మధ్య 44 జనగణన విభాగాల్లో సగానికి పైగా భవనాలు తగలబడో, పాడుబడో పోయాయి. ఏడు విభాగాల్లో అయితే 97 శాతం పైగా పోయాయి. ఇదీ అసలైన అండర్‌గ్రౌండ్. పాలకులు మనుషుల్ని పైనుంచి కిందికి నెట్టిన చోటు అది.

ఆ బూడిదలోనే పిల్లలు రెండు పనులు చేశారు. రంగు డబ్బాలు పట్టుకుని భూగర్భ రైళ్ళ మీద తమ పేర్లు రాసుకున్నారు. ఏ బడి రిజిస్టరులోనూ, ఏ ఆఫీసు బోర్డు మీదా తమ పేరు లేని పిల్లలు ఊరంతా తిరిగే రైలు మీద తమ పేరు చూసుకున్నారు. రెండోది పాట. 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో, జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబం కుర్రవాడు కూల్ హెర్క్ రెండు గ్రామఫోను పళ్ళేలు పెట్టి పాటలు తిప్పాడు. బడి తెరిచే వేళకి చెల్లెలు బట్టలు కొనుక్కోవడానికి నాలుగు డబ్బులు కావాలని పెట్టుకున్న రాత్రి అది. ప్రపంచమంతా ఇవాళ హిప్‌హాప్ అని పిలిచేదానికి ఆ రాత్రినే పుట్టినరోజుగా లెక్కేస్తారు. చెల్లెలి బట్టల కోసం పెట్టుకున్న పాటకి ఇవాళ కోట్ల డాలర్ల వ్యాపారం ఉంది.

దీనికి తోడు ఇంకో గుంపు వచ్చింది. ఊళ్ళ నుంచీ శివారు కాలనీల నుంచీ ఆర్టు స్కూళ్ళలో చదవటానికి వచ్చిన తెల్ల పిల్లలు. వాళ్ళకీ డబ్బు లేదు. చవగ్గా దొరికే ఈస్ట్ విలేజిలో అద్దెకి దిగారు. 1978లో సౌత్ బ్రాంక్స్‌లో ఫ్యాషన్ మోడా అనే ప్రదర్శనశాల తెరిచారు. అక్కడ 1979లో జాన్ అహెర్న్, ఆ వాడ కుర్రవాడే అయిన రిగోబెర్తో టోరెస్ కలిసి వాడ జనం ముఖాల్ని ప్లాస్టరులో అచ్చు తీసి ఆ గోడకే తగిలించారు. తమ మొహాల్ని తాము గోడ మీద చూసుకోవడానికి జనం వచ్చారు. 1980 జూన్‌లో టైమ్స్ స్క్వేర్ దగ్గర మూతబడ్డ మసాజ్ పార్లరులో వందమందికి పైగా కళాకారులు కలిసి ప్రదర్శన పెట్టారు. 1981లో ప్యాటీ ఆస్టర్, బిల్ స్టెలింగ్ ఫన్ గ్యాలరీ తెరిచారు. రైళ్ళ మీద రాసే లీ క్వినోనెస్, ఫ్యూచురా, ఫ్యాబ్ ఫైవ్ ఫ్రెడ్డీ లాంటి వాళ్ళకి గోడలిచ్చారు.

మంచిని మంచనే చెబుతాం. ఆ తెల్ల పిల్లల్లో చాలామంది నిజాయితీపరులు. కొందరు ఎయిడ్స్‌తో ముప్పై ఏళ్ళు నిండీ నిండకుండానే పోయారు. కీత్ హేరింగ్ 1990లో పోయేటప్పటికి 31 ఏళ్ళు. పెద్ద మ్యూజియంలు తీయని తలుపుల్ని వాళ్ళు తీశారు. మా తగువు వాళ్ళ మనసులతో కాదు. ఆ తలుపు వెనక నడిచిన లెక్కతో.

ఒక చెయ్యి, రెండు తీర్పులు

ఆ లెక్క ఇలా నడిచింది. ఒకే కుర్రవాడు, ఒకే రంగు డబ్బా. సాయంత్రం గ్యాలరీలో బట్ట మీద రాస్తే అది కళ. కొనేవాడు కారు దిగి వచ్చి చెక్కు రాస్తాడు. అదే రాత్రి రైలు మీద రాస్తే అది నేరం. రైలు యార్డులకి ముళ్ళకంచెలు కట్టి, లోపల కుక్కల్ని వదిలింది నగరపాలన. 1989 మే నాటికి ఆఖరి రాత రైలు కూడా పోయిందని రవాణా సంస్థ గొప్పగా ప్రకటించుకుంది. గోడ ఎవరిదో దాన్ని బట్టి ఒకే గీత కళయింది, నేరమూ అయింది.

తలుపు సంగతీ అంతే. 1978లో వైట్ స్ట్రీట్‌లో తెరిచిన మడ్ క్లబ్బు అండర్‌గ్రౌండ్ అని పేరు మోసింది. దాని వాకిట్లో గొలుసు ఉండేది. ఎవర్ని లోపలికి వదలాలో వాకిట్లో నిలబడ్డవాడు మనిషిని చూసి తేల్చేవాడు. అండర్‌గ్రౌండ్‌కి గొలుసేమిటి? కింద ఉన్నవాళ్ళకి ఎక్కడైనా ఎంపిక ఉంటుందా? మనవాళ్ళు వాడలో పుట్టడానికి ఎవరి అనుమతీ అడగలేదు. గొలుసు పెట్టి లోపలికి వదిలే చోటుని కులీనుల క్లబ్బు అనాలి. అది మేడ మీదుందా, నేల కిందుందా అనేది ముఖ్యం కాదు.

నేలమాళిగలో కుర్రవాడు

ఈ కథలో అందరికంటే ఎక్కువ పేరొచ్చినవాడు జాన్ మిషెల్ బాస్కియా. 1960లో బ్రూక్లిన్‌లో పుట్టాడు. తండ్రిది హైతీ, తల్లి ప్యూర్టోరికో సంతతి. గోడల మీద రాస్తూ మొదలుపెట్టి, 1981లో సోహోలోని అన్నినా నోసెయి గ్యాలరీ కింద నేలమాళిగలో బొమ్మలు వేశాడు. పైన అమ్మకం, కింద చాకిరి. గ్యాలరీవాళ్ళు చోటిచ్చారు, రంగులూ బట్టా ఇచ్చారు, అది నిజమే. కానీ నల్లకుర్రవాణ్ణి నేలమాళిగలో పెట్టి పని చేయిస్తున్నారని ఊరంతా వింత కథ లాగా చెప్పుకుంది. ఆ మాట ఆయన్ని కుట్టింది. తాను తెల్లవాడయి ఉంటే దానికే గౌరవంగా ఇంకో పేరు పెట్టి ఉండేవాళ్ళని ఒక ఇంటర్వ్యూలో తిప్పికొట్టాడు. మనవాళ్ళు ఎవరికైనా ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆయన కష్టాన్ని చదువుకున్న చిత్రకారుడి పనిగా చూడలేదు, అడవి నుంచి పట్టుకొచ్చిన వింతగా చూశారు.

1988 ఆగస్టు 12న మత్తుమందు వికటించి బాస్కియా చనిపోయాడు. 27 ఏళ్ళు. 1982లో ఆయన వేసిన ఒక తల బొమ్మ 1984లో వేలంలో 19,000 డాలర్లకి పోయింది. అదే బొమ్మ 2017 మేలో 11 కోట్ల 5 లక్షల డాలర్లకి పోయింది. అమెరికా చిత్రకారుడి బొమ్మకి వేలంలో అప్పటిదాకా అంత ధర పలకలేదు. బొమ్మ చేతులు మారితే వేసినవాడికో వాడి వారసులకో వాటా ఇవ్వాలన్న చట్టం ఆ దేశంలో లేదు. పెరిగిన ధరంతా అమ్మినవాడిది, వేలం కంపెనీది.

1983 సెప్టెంబరు 15

ఇప్పుడు పుస్తకాల్లో పక్కకి జరిగిపోయిన ఇంకొక కుర్రవాడి సంగతి చెప్పాలి. మైకేల్ స్టీవార్ట్. నల్లవాడు, 25 ఏళ్ళు, బ్రూక్లిన్ వాసి, బొమ్మలేసేవాడు. ఈస్ట్ విలేజి క్లబ్బుల్లో అందరికీ తెలిసిన మనిషి. 1983 సెప్టెంబరు 15 తెల్లవారుజామున, ఎవెన్యూ ఏ లోని పిరమిడ్ క్లబ్బులో గడిపి ఇంటికి బయలుదేరాడు. 14వ వీధిలోని భూగర్భ రైలు స్టేషన్‌లో గోడ మీద రాస్తున్నాడని రవాణా పోలీసులు పట్టుకున్నారు. కాసేపటికి కాళ్ళూ చేతులూ కట్టేసి ఉన్న మనిషిని స్పృహ లేకుండా ఆసుపత్రికి తెచ్చారు. పదమూడు రోజులు అలాగే ఉండి సెప్టెంబరు 28న చనిపోయాడు. చావుకి కారణం ఇదీ అని చెప్పిన వైద్యాధికారి తర్వాత మాట మార్చాడు. ఆరుగురు పోలీసుల మీద కేసు నడిచింది. 1985 నవంబరులో అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ ఆరుగుర్నీ వదిలేసింది. 1990లో కుటుంబానికి 17 లక్షల డాలర్ల పరిహారం దక్కింది. శిక్ష మాత్రం ఎవరికీ పడలేదు.

ఆ చావు విని బాస్కియా కీత్ హేరింగ్ పనిగది గోడ మీద ఒక బొమ్మ వేశాడు. ఇద్దరు పోలీసులు కర్రలెత్తి ఉంటారు, నడుమ ఒక నల్లని నీడ. ఆ గతి తనకీ పట్టగలిగేదని ఆయనకి తెలుసు. హేరింగ్ ఇల్లు మారినప్పుడు ఆ గోడ ముక్కని కోసి తీసుకుపోయి, బంగారు చట్రం కట్టించి తన మంచం పైన పెట్టుకున్నాడు. ప్రేమతోనే పెట్టుకున్నాడు. అయినా చూడండి, గోడ మీద రాశాడని ఒకడు చచ్చాడు, ఆ చావుని రాసిన గోడకి బంగారు చట్రం వచ్చింది. 2019లో ఆ బొమ్మ చుట్టూ గుగెన్‌హైమ్ మ్యూజియం పెద్ద ప్రదర్శన పెట్టింది. దాన్ని రూపొందించింది చాడ్రియా లబూవియే అనే నల్లజాతి పరిశోధకురాలు. ఎనభై ఏళ్ళ ఆ మ్యూజియం చరిత్రలో ఒక చిత్రకారుడి ప్రదర్శనని ఒంటిచేత్తో రూపొందించిన మొదటి నల్ల మనిషి ఆమే. ఎనభై ఏళ్ళు పట్టింది.

స్టీవార్ట్ బయటికొచ్చిన పిరమిడ్ క్లబ్బు ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచింది. 2020లో మహమ్మారి వచ్చి మూతపడే దాకా అక్కడ '1984' పేరుతో ఎనభయ్యో దశకపు పాటల రాత్రులు ప్రతివారం జరిగేవి. ఆ పాటలకి ఆడిన పిల్లలు చెడ్డవాళ్ళని మేం అనం. వాళ్ళలో చాలామందికి ఈ సంగతే తెలిసి ఉండదు. మేం అడిగేది అదే. ఎందుకు తెలియలేదు? ఆ కాలం బట్టలు, జుట్టు, పాటలు, బూట్లు అన్నీ తిరిగొచ్చాయి. ఆ కాలపు శవం ఒక్కటే ఎందుకు తిరిగి రాలేదు?

ఎవరి పాత రోజులు?

రెట్రో ఆట పిరమిడ్‌తో పుట్టింది కాదు. 1978 ప్రాంతంలోనే సెయింట్ మార్క్స్ ప్లేస్‌లో, ఒక పోలిష్ చర్చి నేలమాళిగలో క్లబ్ 57 నడిచింది. రోజుకో వేషం. ఎక్కువగా యాభైలు, అరవైల టీవీ లోకం, ఎల్విస్ పాటలు, పాత భయానక సినిమాలు. శివారు కాలనీల్లో టీవీ చూస్తూ పెరిగిన పిల్లలు తమ తల్లిదండ్రుల లోకాన్నే వెక్కిరించారు. 2017లో న్యూయార్కు మోడరన్ ఆర్ట్ మ్యూజియం ఆ క్లబ్బు మీదే ప్రదర్శన పెట్టింది.

వెక్కిరింపే కావచ్చు. వెక్కిరించడానికి కూడా ముందు ఆ ఇంట్లో ఉండి ఉండాలి గదా! ఆ యాభైల కాలనీల్లో పేరున్నది న్యూయార్కు పక్కన లాంగ్ ఐలండ్‌లోని లెవిట్‌టౌన్. 1947లో కట్టడం మొదలుపెట్టారు. తెల్లవాళ్ళు కానివాళ్ళు ఉండరాదని ఒప్పంద పత్రంలోనే రాసుకున్నారు. 1960 నాటికి అక్కడి 82,000 మంది జనాభాలో ఒక్క నల్ల మనిషి లేడు. 1955లో మిసిసిపీలో పద్నాలుగేళ్ళ ఎమెట్ టిల్‌ని చంపినవాళ్ళని వదిలేసింది కూడా అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీనే. 1955లో ఆ జ్యూరీ, ముప్పై ఏళ్ళకి 1985లో ఈ జ్యూరీ. మరి పాతదేది, కొత్తదేది? ఎవరికి పాత రోజులు గడిచిపోయాయో వాళ్ళకే అవి ముద్దొస్తాయి. గడవనివాళ్ళకి అవి పాతవే కావు.

మన దగ్గర కూడా ఈ గాలి తిరుగుతోంది. హైదరాబాదులో పల్లెటూరి వేషం వేసిన హోటళ్ళున్నాయి. ఎడ్లబండి చక్రం, లాంతరు, మట్టి రంగు గోడ, మంచం మీద భోజనం. మా ఊరు గుర్తొచ్చిందని తిన్నవాళ్ళు సంబరపడతారు. ఊరుంది సరే, వాడ ఏది? పాతకాలం టీకొట్టు పెట్టి గాజు గ్లాసులు వరసగా పేరుస్తారు. మనవాళ్ళ కోసం చూరులో వేరుగా పెట్టిన ఆ రెండో గ్లాసు ఏది? ఎనభై, తొంభైల పాటల రాత్రులంటారు. న్యూయార్కులో పోలీసుల్ని వదిలేసిన ఆ 1985లోనే జూలై 17న కారంచేడు జరిగింది. పాత సినిమా హాలు రోజులు ఎంత బాగుండేవో అంటారు. 1991లో చుండూరులో తగువు మొదలైంది సినిమా హాల్లోనే. చదువుకున్న మాల కుర్రవాడి కాలు తగిలిందని. ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి గోనెసంచుల్లో కట్టి కాలవలో పడేశారు. ఆ పాటలు మేమూ విన్నాం, ఇప్పటికీ పాడుకుంటాం. పాట మీద మాకు కోపం లేదు. పాటని ఉంచుకుని కాలాన్ని కడిగేయడం మీదే కోపం.

అద్దె పెంచిన కళ

ఇక ఇళ్ళ సంగతి. ఈస్ట్ విలేజి తూర్పు కొసని ప్యూర్టోరికో జనం లోయిసైదా అని పిలుచుకునేవాళ్ళు. గ్యాలరీలు వచ్చిన వెనకే అద్దెలు పెరిగాయి. 1984 జనవరిలో పోలీసులు మత్తుమందుల పేరుతో ఆ వీధుల్లో పెద్ద ఎత్తున దాడులు మొదలుపెట్టారు. అదే ఏడు రోజలిన్ డాయిచ్, కారా రయన్ అనే ఇద్దరు రచయిత్రులు ఒక వ్యాసం రాసి, కళ పేరుతో పేదల్ని ఖాళీ చేయిస్తున్నారని గట్టిగా చెప్పారు. చివరికి ఆ గ్యాలరీలే ఆ అద్దెలకి తట్టుకోలేకపోయాయి. ఫన్ గ్యాలరీ 1985లో మూతపడింది. చిత్రకారుల్ని ముందు నడిపించి, వాళ్ళ వెనకే నడిచొచ్చిన స్థలాల వ్యాపారి చివరికి వాళ్ళనీ తోసేశాడు.

అయితే ఒక గెలుపుంది, దాన్ని గుర్తుపెట్టుకోవాలి. పాడుబడ్డ నగర భవనాల్ని ప్రభుత్వ సొమ్ముతో బాగు చేయించి చిత్రకారులకి ఇళ్ళుగా ఇస్తామని మేయర్ కోచ్ పథకం పెట్టాడు. ఏళ్ళ తరబడి ఇల్లు లేక అల్లాడుతున్న వాడ జనం ఏకమై అడ్డం తిరిగారు. వాళ్ళకి మద్దతిచ్చిన చిత్రకారులూ ఉన్నారు. 1983లో ఆ పథకం ఓడిపోయింది. కళ పేరు చెబితే జనం నోరు మూసుకుంటారన్న నమ్మకం అక్కడ బద్దలయింది.

మనం అడగాల్సింది

కాబట్టి బొమ్మల కొలువులకీ పాటల రాత్రులకీ పోవద్దని మేం చెప్పడం లేదు. పోవాలి, నలుగురూ కలిసి పోవాలి. పోయి అడగాలి. గోడ ఎవరిది? గీసినవాడెవడు, కొన్నవాడెవడు? వాకిట్లో గొలుసు ఎవరి చేతిలో ఉంది? ఈ గదిలో నిన్నటిదాకా ఎవరు కాపురమున్నారు, వాళ్ళిప్పుడెక్కడ? ఏ ఏడాదిని పండగ చేస్తున్నారో, ఆ ఏడాది మన వాడలో ఏం జరిగింది?

మనకీ గోడలున్నాయి. డక్కలివాళ్ళు మాదిగ వాడలో విప్పి జాంబపురాణం చెప్పే పటం ఇవాళ మ్యూజియాల్లోనూ షోకేసుల్లోనూ వేలాడుతోంది. దాని కింద చీటీ మీద 'జానపద కళ' అని ఉంటుంది. కథ చెప్పినవాడి పేరుండదు, ఎవరి పురాణమో ఉండదు. మన దేశంలో కాపీరైట్ చట్టానికి 1994లో 53ఎ సెక్షన్ చేర్చారు. పది వేల రూపాయలు దాటి మళ్ళీ అమ్ముడుపోయే చిత్రం మీద, వేసినవాడికో వారసులకో పది శాతం మించకుండా వాటా రావాలని అది చెబుతుంది. అమెరికాలో లేని హక్కు ఇది. మన కళాకారుల్లో ఎంతమంది దీని పేరు విన్నారు? సంఘాలు ఈ సెక్షన్ని వాడవాడకీ తీసుకెళ్ళాలి. ప్రతి పటం కింద, ప్రతి డప్పు పక్కన మనిషి పేరు, ఊరి పేరు రాయించాలి.

రైలు మీద పేరు రాసుకున్న ఆ బ్రాంక్స్ పిల్లలు కోరుకున్నది కూడా అదే. తమ పేరు నలుగురికీ కనబడాలని. మన పేర్లు మనమే రాద్దాం. రాసింది ఎవడైనా చెరిపేస్తే మళ్ళీ రాద్దాం.